ఒంటరి నావలో రాత్రి కాపలా ఎవరిది?

మా చిలకలపూడికి దగ్గర్లోని గిలకలదిండి నుంచి వేటకెళ్ళే బోట్లలో రాత్రిపూట అందరూ ఒకేసారి పడుకోరు. వల చూసుకోవాలి, దూరంగా కదిలే ఓడల దీపాలూ చూసుకోవాలి. ఒకరు మేలుకుని ఉంటే మిగతావాళ్ళు నడుం వాలుస్తారు. మరి ఒక్కడే సముద్రం దాటేవాడి సంగతేంటి?

ఓడలు గుద్దుకోకుండా 1972లో రాసుకున్న అంతర్జాతీయ నియమాల్లో ఐదోది సూటిగా ఉంటుంది: ఏ నావైనా సరే, అన్ని వేళలా కళ్ళతోనూ చెవులతోనూ కాపలా కాయాలి. నిద్రొస్తే మినహాయింపు లేదు. అంటే ఒంటరి నావికుడు కాస్త ఒళ్ళు మరిచి నిద్రపోయినా రూలు తప్పినట్టే.

జాషువా స్లోకమ్ కాలానికి ఈ రూలు లేదు, నిద్ర మాత్రం ఉంది. 1895లో బోస్టన్ నుంచి ‘స్ప్రే’ అనే చిన్న నావలో బయల్దేరి, 1898కల్లా ఒంటరిగా భూమిని చుట్టొచ్చిన మొదటి మనిషి ఆయన. అజోర్స్ దీవుల్లో ఎక్కించుకున్న ప్లమ్ పళ్ళూ చీజూ కలిపి తిని, కడుపునొప్పితో కేబిన్‌లో పడిపోయాడు. బయట తుఫాను. ఆ రాత్రి కొలంబస్ కాలపు ‘పింటా’ ఓడ నావికుడొకడు వచ్చి తన చుక్కాని పట్టాడని రాసుకున్నాడు. తెల్లారి చూస్తే నావ దారి తప్పకుండా 90 మైళ్ళు వచ్చేసింది. భ్రమే, నిజమే. కానీ ఆ భ్రమలో కూడా కాపలాకి ఇంకో మనిషే కావాల్సొచ్చాడు చూడండి.

తర్వాత ఆ మనిషి చోట్లోకి యంత్రం వచ్చింది. 1960 నాటి ఒంటరి అట్లాంటిక్ పందెంలో బ్లాండీ హాస్లర్ తన ‘జెస్టర్’కి గాలిరెక్క బిగించుకుని వెళ్ళాడు. గాలి వాటాన్ని బట్టి చుక్కాని దానంతటదే సర్దుకుంటుంది. కరెంటక్కర్లేదు. ఇంజనీరుగా నాకు ముచ్చటేస్తుంది. కానీ అది నడుపుతుందే తప్ప చూడదు.

చూడ్డానికి ఇప్పుడు ఏఐఎస్ ఉంది. ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో చెప్పుకుంటూ పోతాయి; ఏదైనా దగ్గరకొస్తే అలారం మోగుతుంది. ఆ అలారం నమ్ముకుని నావికుడు కునుకు తీస్తాడు. ఆన్‌కాల్ డ్యూటీలు చేసిన నాకు ఆ కునుకు బాగా తెలుసు. ఓసారి రాత్రంతా ఏదీ మోగలేదని హాయిగా పడుకున్నా. పొద్దున్న చూస్తే, మోగించాల్సిన ప్రోగ్రామే ఆగిపోయి ఉంది.

2012-13లో అభిలాష్ టామీ ‘మాదేయి’ మీద ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టొస్తే అందరం చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. 2017-18లో ‘తారిణి’ మీద 254 రోజుల యాత్ర చేసిన ఆరుగురు నావికాదళ అధికారిణుల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. వాళ్ళకి వంతులేసుకునే వీలుంది. ‘ఒంటరి’ అన్న మాటకే మనం ఎక్కువ పడిపోతామేమో!

ఎందుకంటే ఏఐఎస్‌కి కనపడేది, తన ఉనికి తాను చెప్పుకునే ఓడే. అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 టన్నులు దాటిన ఓడలకి అది తప్పనిసరి. నాటు పడవకి ఆ నియమం లేదు. ఒంటరి నావికుడు కునుకులో ఉన్నప్పుడు అలాంటి పడవ ఎదురైతే అలారం మోగదు. అప్పుడు రెండు నావల కాపలా కూడా ఆ పడవలో మేలుకుని, టార్చి ఊపుతూ కేకలేసే మనిషిదే.