పాత పైసా, కొత్త పైసా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగితే ముందుగా మన లెక్కల మాస్టారే గుర్తొచ్చారు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఒక పెద్ద పొరపాటును దిద్దింది ఆయన పాఠమే.

1991లో మొదలైన విజువల్ బేసిక్, 1998 నాటి ఆరో వెర్షన్‌తో మన దేశంలోనూ ఎన్నో ఆఫీసులకు చేరింది. జీతాల లెక్కలు, స్టాకు రిజిస్టర్లు అన్నీ దానిలోనే రాసేవారు. 2002 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో డాట్‌నెట్ విడుదల చేసింది. భాష పేరు విజువల్ బేసికే, లోపల మాత్రం చాలా మారిపోయింది. ఆ ఏడాది హైదరాబాదులో ఒక సంస్థ ప్రోగ్రామర్లకు ఈ మార్పులు నేర్పే పని నాకు వచ్చింది.

మొదటి రోజే, "ఇంతవరకు నేర్చుకున్నదంతా మర్చిపోండి" అన్నాను. అందరికంటే సీనియర్ ఒకాయన, "అదంతా మర్చిపోతే ఇక నాకిక్కడ పనేముందండీ?" అన్నారు. నేను నవ్వేసి ముందుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. రాజీనామా ఆలోచనలో ఉన్నారని సాయంత్రం తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారి క్లాసు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన సంగతి ఆయన కథలా చెప్పేవారు. అంతకుముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ తర్వాత 100 నయాపైసలు. కొన్నేళ్లు రెండు రకాల నాణేలూ చెలామణిలో ఉన్నాయి. "అణాకు 6 నయాపైసలు, నాలుగణాలకు 25. నాలుగార్లు ఇరవై నాలుగే కదా, ఆ ఒక్క పైసా ఎక్కడిదిరా?" అని అడిగేవారు. అణా విలువ నిజానికి ఆరుంపావు పైసలని మేమే కనిపెట్టేదాకా ఊరుకునేవారు. అణాలు మర్చిపోండని మాత్రం ఎన్నడూ అనలేదు. అణాలు తెలిసినవాడికే ఆ లెక్క అర్థమవుతుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన సీటు దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పి, "మీ పాత ప్రోగ్రామే ఈరోజు పాఠం" అన్నాను. బోర్డు మీద రెండు గడులు గీశాం. పాత ఇంటిజర్ 16 బిట్లు, 32,767 దాటదు. కొత్త ఇంటిజర్ 32 బిట్లు, 214 కోట్లు దాటుతుంది. పాత లాంగ్ 32 బిట్లు, కొత్తది 64. అంటే పాత లాంగ్‌కు సమానమైనది కొత్త ఇంటిజర్. పైసాలాగే పేరు అదే, కొలత వేరు. విండోస్ ఫంక్షన్లను పిలిచేచోట పాత పేరును అలాగే ఉంచితే లెక్క తప్పుతుంది. పాత ప్రోగ్రామును కొత్తదానిలోకి మార్చే విజార్డు ఇలాంటివి చాలావరకు తానే సరిచేసి, తనకు చేతకాని చోట హెచ్చరిక రాసి పెట్టేది. ఆ హెచ్చరికలను తీర్చాలంటే, ఆ లైను అసలు ఎందుకు రాశారో తెలిసిన మనిషి కావాలి. మధ్యాహ్నానికి సుద్దముక్క ఆయన చేతిలో ఉంది. కుర్రవాళ్లు ఆయన్నే అడుగుతున్నారు.

చివర్లో ఆయన నన్నొక ప్రశ్న వేశారు: "నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, తప్పు దిద్ది, అక్కడినుంచే కొనసాగించేవాళ్లం. ఆ సౌకర్యం ఏదండీ?" కొత్తదానిలో లేదని ఒప్పుకున్నాను. అది మళ్లీ 2005 వెర్షన్‌లో గానీ రాలేదు. కొత్తదానిలో ఏం పోయిందో పాతవాళ్లకే ముందు కనబడుతుందని ఆరోజు తెలిసింది.

ఆయన రాజీనామా చేయలేదు. ఆ తర్వాత నేను ఏ క్లాసులోనూ "మర్చిపోండి" అనలేదు. "మీకు తెలిసినది ముందు చెప్పండి" అంటూ మొదలుపెట్టేవాణ్ని. ఆ మాట నాది కాదు, మన బడిలో నల్లబల్ల ముందు నిలబడి మాస్టారు రోజూ అన్నదే.