మాట వెనుక కథ: టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్

డాస్ కాలపు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో రాకుమారిని కాపాడేందుకు ఉన్న గడువు 60 నిమిషాలు. అలాంటి ఆటను వీలైనంత తొందరగా ముగించడమే స్పీడ్‌రన్. ముందు ‘టూల్ అసిస్టెడ్’ చేరితే పద్ధతే వేరు. పాత కంప్యూటర్‌ను అనుకరించే జేపీసీ-ఆర్ఆర్ వంటి ఎమ్యులేటర్‌లో ఆటను కొద్దికొద్దిగా కదుపుతారు. అడుగు తప్పితే, దాచుకున్న చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ ఆడతారు. చివరికి చేతికొచ్చేది ఏ క్షణాన ఏ మీట నొక్కాలో చెప్పే జాబితా. పాటకు స్వరలిపి ఎలాగో, ఆటకు అది అలాగ.

మాట పుట్టింది మరో డాస్ ఆట, ‘డూమ్’ దగ్గర. 1993 నాటి ఆ ఆట, ఆడిన తీరును మీటల నొక్కుళ్లుగానే చిన్న ఫైల్‌లో దాచేది. 1997లో సోర్స్ కోడ్ బయటికొచ్చాక, నెమ్మదిగా ఆడుతూ మధ్యలోంచి తిరిగి రికార్డు చేసుకునేలా దాన్ని మార్చారు. 1999 నాటికి ఆ పరుగులు ‘టూల్స్ అసిస్టెడ్’ అయ్యాయి. ఆ బహువచనపు ‘స్’ తర్వాత రాలిపోయింది.

2003లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ను పదకొండు నిమిషాల్లో ముగించిన వీడియో ఒకటి లోకమంతా తిరిగింది. మనిషి మామూలుగా ఆడాడనుకున్న చాలామంది, అది టూల్ సాయంతో చేసినదని తెలిసి మోసపోయామన్నారు. అందుకే ఈ పేరంటే నాకు గౌరవం: సాయం తీసుకున్నామని ముందే చెప్పేస్తుంది.