లినక్స్ డెస్క్‌టాప్‌లో కలర్ డెప్త్ అమరిక

తెర మీద ఒక్కో పిక్సెల్ రంగును చెప్పడానికి ఎన్ని బిట్లు వాడుతున్నామో ఆ సంఖ్యే కలర్ డెప్త్. 8 బిట్లతో 256 రంగులు, 16 బిట్లతో 65,536, 24 బిట్లతో 1,67,77,216, 30 బిట్లతో 107 కోట్లకు పైగా రంగులు చూపవచ్చు. లినక్స్‌లో ఈ సంఖ్య ఒక్క చోట తేలేది కాదు. ఎక్స్ సర్వర్ లేదా వేలాండ్ కంపోజిటర్, గ్రాఫిక్స్ డ్రైవర్, కేబుల్, మానిటర్ ప్యానెల్ వరసగా ఉంటాయి. వాటిలో ఏది తక్కువ బిట్లకు పరిమితమైతే కంటికి అందేది అంతే. సెట్టింగ్ మార్చినా తేడా కనిపించడం లేదంటే ముందు వెతకాల్సింది ఆ ఇరుకు చోటునే.

1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ 1987 నాటికి 11వ వెర్షన్‌కు వచ్చింది. లినక్స్ డెస్క్‌టాప్‌లు చాలాకాలం దాని మీదే నడిచాయి. అప్పట్లో డెప్త్‌ను ఎంచుకోవడం తప్పనిసరి పని, కారణం వీడియో మెమరీ కొరత. 1024×768 తెరకు పిక్సెల్‌కు 16 బిట్లయితే ఒకటిన్నర మెగాబైట్లు, 32 బిట్లయితే 3 మెగాబైట్లు కావాలి. 2 మెగాబైట్ల కార్డు ఉన్నవాళ్లు రంగులనో రెజల్యూషన్‌నో వదులుకోక తప్పేది కాదు. 8 బిట్ల తెరల్లో అన్ని ప్రోగ్రాములూ కలిసి 256 గడుల రంగుల పట్టికనే పంచుకునేవి. ఏదైనా ప్రోగ్రాము తనకంటూ వేరే పట్టిక పెట్టుకుంటే, ఆ విండోలోకి వెళ్లగానే మిగతా తెరంతా వింత రంగుల్లోకి మారిపోయేది. 16 బిట్లలో ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5 కేటాయిస్తారు. మన కన్ను ఆకుపచ్చలోని ఛాయలను ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఆ అదనపు బిట్టు దానికి దక్కింది. అయినా సాయంత్రపు ఆకాశం ఫోటో తెరిస్తే రంగు మెల్లమెల్లగా మారదు, చారలు చారలుగా విడిపోతుంది.

ఎక్స్ కోసం లినక్స్‌లో వాడే ఎక్స్‌ఆర్గ్ సర్వర్‌లో ఈ అమరిక ఈటీసీ డైరెక్టరీ కింద ఎక్స్11 ఫోల్డర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంటుంది. ఇప్పటి డిస్ట్రోల్లో చాలావరకు ఆ ఫైలే ఉండదు. సర్వర్ హార్డ్‌వేర్‌ను చూసుకుని తనంతట తానే 24 ఎంచుకుంటుంది. మార్చాలనుకుంటే ఫైలు సృష్టించి, స్క్రీన్ సెక్షన్‌లో డిఫాల్ట్‌డెప్త్ అనే పదం పక్కన సంఖ్య రాయాలి. నడుస్తున్న సెషన్‌లో డెప్త్ మారదు. ఎక్స్‌రాండర్ కమాండ్ రెజల్యూషన్‌ను అప్పటికప్పుడు మార్చగలదు గానీ డెప్త్ కోసం సర్వర్‌ను మళ్లీ ప్రారంభించాల్సిందే.

ఇక్కడ అందరినీ తికమక పెట్టేది 32 అనే సంఖ్య. డెప్త్ 24 అయినా మెమరీలో ఒక్కో పిక్సెల్ సాధారణంగా 32 బిట్ల చోటు తీసుకుంటుంది. మిగిలిన 8 బిట్లు తెర మీది రంగుకు ఏమీ కలపవు, చిరునామాల లెక్క సులువు కావడానికే ఉంటాయి. ఇది తెలియక డిఫాల్ట్‌డెప్త్ 32 అని రాస్తే, ఆ డెప్త్ కుదరదని డ్రైవర్ తేల్చేస్తుంది, డెస్క్‌టాప్ అసలు లేవదు. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి, రాసిన ఫైలు పేరు మార్చేస్తే చాలు. సర్వర్ లాగ్ చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. డెప్త్ చెప్పే వరుసలో (==) ఉంటే అది సర్వర్ సొంతంగా ఎంచుకున్న విలువ, (**) ఉంటే మన ఫైల్లోంచి తీసుకున్నది, (++) ఉంటే కమాండ్‌తో ఇచ్చినది. ఫైలు చదివిందా లేదా అన్న సందేహం ఈ గుర్తులతోనే తీరిపోతుంది.

ఫోటో, వీడియో పనివాళ్లు కోరే 30 బిట్ల డెప్త్‌లో ఒక్కో ప్రాథమిక రంగుకు 10 బిట్లు. ఎక్స్‌ఆర్గ్‌లో డిఫాల్ట్‌డెప్త్ పక్కన 30 రాస్తే, డ్రైవర్‌కు ఆ సత్తా ఉంటే సర్వర్ లేస్తుంది. కానీ రంగుకు ఎప్పటికీ 8 బిట్లేనని నమ్మి రాసిన కొన్ని ప్రోగ్రాముల్లో రంగులు తారుమారవుతాయి. ఆ పనే వృత్తి కానివారికి 24 దగ్గర ఆగడమే మేలు. కేబుల్‌ది వేరే హద్దు: హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కే చిత్రాన్ని సెకనుకు 60 సార్లు పూర్తి ఆర్‌జీబీలో పంపితే రంగుకు 8 బిట్లు మించి పట్టవు. ఇంటెల్, ఏఎమ్‌డీ డ్రైవర్లలో మ్యాక్స్ బీపీసీ అనే విలువ ఈ కేబుల్ దశకు చెందినదే, డిఫాల్ట్‌డెప్త్‌తో దానికి సంబంధం లేదు. చవక ప్యానెళ్లు కొన్ని రంగుకు 6 బిట్లతోనే పనిచేస్తూ, పక్కపక్క ఛాయలను వేగంగా మార్చి మధ్య రంగులను భ్రమింపజేస్తాయి. అలాంటి తెరకు ఏ సెట్టింగూ కొత్త రంగులు తేలేదు.

ఎక్స్ స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో డిఫాల్ట్‌డెప్త్ లాంటి మాటే లేదు. ఏ పిక్సెల్ ఫార్మాట్ వాడాలో కంపోజిటర్, డ్రైవర్ కలిసి తేల్చుకుంటాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేడీఈ ప్లాస్మా 6, 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48 వెలుగునీడల విస్తృతిని పెంచే హెచ్‌డీఆర్‌ను డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకే తెచ్చాయి.

16 బిట్లకు నేటికీ పని ఉన్న చోటు రిమోట్ డెస్క్‌టాప్. వీఎన్‌సీ సర్వర్‌ను ప్రారంభించేటప్పుడే డెప్త్ చెప్పవచ్చు. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు, టెర్మినల్ కిటికీలు తప్ప మరేమీ తెరవనివారికి, 16 ఎంచుకుంటే పంపాల్సిన డేటా తగ్గుతుంది.