గెలాక్సీల గొలుసుకట్టు చెరువులు

కార్తీక అమావాస్య. రాత్రి ఎనిమిదైంది. ఊరి చివరి ఇంటి డాబా మీద ఉన్నారు మీరు. వీధి దీపం వెలుగు కింద పిట్టగోడ దగ్గరే ఆగిపోయింది. ఉత్తరానికి తిరగండి. ఎం అక్షరం రాసినట్టు ఐదు చుక్కలు కనిపిస్తాయి. అది కాసియోపియా. అక్కణ్ణుంచి చూపును పైకి పోనివ్వండి. నడినెత్తికి కొంచెం ఇవతల పలచని మరక ఒకటి, దూదిపింజను నలిపి అంటించినట్టు. సూటిగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకు జరిపితే మళ్లీ వస్తుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఇప్పుడు మీ కంట పడిన వెలుగు 25 లక్షల ఏళ్ల కిందట అక్కడ బయల్దేరింది.

చంద్రుడికి వరదగుడి కట్టినట్టు ఆ గెలాక్సీ చుట్టూ కూడా వాయువు గుడి కట్టి ఉంది. మన కంటికి ఆనదు. ఆనితే సప్తర్షి మండలానికి మూడింతల వెడల్పున ఆకాశంలో పరుచుకుని కనిపించేది. సుమారు 13 లక్షల కాంతి సంవత్సరాల దాకా, కొన్ని వైపుల 20 లక్షల దాకా ఉంది దాని వ్యాప్తి. మన పాలపుంతకూ ఇలాంటి గుడి ఉంది. రెండింటి అంచులూ ఇప్పటికే ఒరుసుకుంటున్నాయి.

అక్కడికే వెళ్దాం రండి. ఆండ్రోమెడా నుంచి 5 లక్షల కాంతి సంవత్సరాల దూరాన, ఆ గుడి లోపల నిలబడ్డారు మీరు. చుట్టూ చీకటి. చెంబెడు చోటు వెతికితే ఒక్క పరమాణువు దొరకడం గొప్ప. ఆ వాయువు వేడి లక్షల డిగ్రీలు, అయినా సెగ తగలదు. తగలడానికి సరిపడా రేణువులే లేవు. కానీ చోటు అంత విశాలం కాబట్టి, ఆ అరకొర పరమాణువులన్నీ కూడితే కోట్ల కొద్దీ సూర్యుళ్ల బరువు తూగుతాయి.

ఇంత పలచని దాన్ని ఎలా పట్టుకున్నారు? వెనక్కి తిరిగి చూడండి. ఎంతో దూరంలో క్వాసర్ ఒకటి, అంటే విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు, మండుతోంది. దాని వెలుగు మిమ్మల్ని దాటుకుంటూ భూమి వైపు పోతోంది. దారిలో సిలికాన్, కార్బన్ అయాన్లు తమకు పడే తరంగదైర్ఘ్యాన్ని మింగేస్తాయి. అది అతినీలలోహిత కాంతి. మన వాతావరణం దాన్ని నేల మీదికి రానివ్వదు.

అందుకే దాన్ని వాతావరణం పైనుంచే పట్టాలి. 2009 మే 16న జరిగిన పని చూడండి. భూమికి 500 కిలోమీటర్లకు పైన, అట్లాంటిస్ షటిల్ పక్కన హబుల్ టెలిస్కోప్ తలుపు తెరిచి ఉంది. వ్యోమగాములు జాన్ గ్రన్స్‌ఫెల్డ్, ఆండ్రూ ఫ్యూస్టెల్ తెల్ల సూట్లలో తేలుతున్నారు. హబుల్ చూపు లోపానికి 1993లో పెట్టిన ‘కళ్లజోడు’ పెట్టెను బయటికి లాగి, ఖాళీ అయిన చోట ‘కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్’ను మెల్లగా లోపలికి జరిపారు. తర్వాతి ఏళ్లలో ఖగోళ శాస్త్రవేత్త నికొలస్ లేనర్ బృందం ఆండ్రోమెడా వెనక ఉన్న 43 క్వాసర్ల వెలుగును పరీక్షించి, 2020లో ఆ గుడి నక్షాను ప్రకటించింది. క్వాసర్ వెలుగు గ్రాఫు మీద గీత నిలకడగా సాగుతూ ఒక్కచోట లోయలా దిగుతుంది. అక్కడ సిలికాన్ ఉన్నట్టు.

ఆ లోయ దగ్గర ఆగండి. మహావిస్ఫోటం ఇచ్చింది ప్రధానంగా హైడ్రోజన్, హీలియమే. సిలికాన్ నక్షత్రాల కడుపులో పుట్టేది. మరి ఏ నక్షత్రమూ లేని ఈ చీకట్లోకి ఎలా వచ్చింది?

జవాబు చెరువు గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. చెరువుకు వాగు నీరు వస్తుంది. గెలాక్సీల మధ్య సాలెగూడులా అల్లుకున్న దారుల వెంట తొలినాటి వాయువు అలా వచ్చి చేరుతుంది. చెరువు నిండితే అలుగు దూకుతుంది. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం82 గెలాక్సీని చూడండి, నడుమ నుంచి రెండు వైపులా ఎర్రని హైడ్రోజన్ పొగలు చిమ్ముతున్నాయి. పేలిన నక్షత్రాలు తాము వండిన మూలకాలతో సహా వాయువును బయటికి నెడుతున్నాయి. పక్క గెలాక్సీల నుంచి ఊడివచ్చేదీ కొంత ఉంటుంది. మాజెల్లాన్ మేఘాలనే చిన్న గెలాక్సీల వెంట లక్షల కాంతి సంవత్సరాల పొడవున సాగే వాయుధార అలాంటిదే.

వెళ్లింది తిరిగి రావడమూ ఉంది. 1960ల తొలి ఏళ్లలో లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థిని గెయిల్ స్మిత్ రేడియో సంకేతాల్లో ఓ హైడ్రోజన్ మేఘాన్ని కనుక్కుంది. పొడవు 11,000 కాంతి సంవత్సరాలు. పాలపుంత మీదికి దూసుకొస్తోంది, దాదాపు 3 కోట్ల ఏళ్లలో తాకుతుంది. ఎక్కడిదీ మేఘం? హబుల్ అందులో గంధకాన్ని కొలిచింది. మన గెలాక్సీ వెలుపలి అంచుల్లో ఎంత ఉంటుందో దాదాపు అంతే ఉందని 2016లో తేలింది. అంటే పరాయిది కాకపోవచ్చు, ఇక్కణ్ణుంచి లేచి వెళ్లిన మన వాయువే మళ్లీ ఇంటికొస్తూ ఉండవచ్చు.

కాకతీయులు తవ్వించిన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండుతుంది. గెలాక్సీల లెక్కా అదేనంటున్నాయి 2017లో వెలువడిన కంప్యూటర్ సిమ్యులేషన్లు. పాలపుంతలోని పదార్థంలో సగం దాకా వేరే గెలాక్సీల అలుగు దూకి వచ్చిందే కావచ్చు. అంటే మన నేలలోని ఇసుకలో, మన ఒంటి నెత్తుటిలో పొరుగు గెలాక్సీల వాటా కొంత ఉండి ఉండవచ్చు.

మళ్లీ డాబా మీదికి వచ్చేశారు. మరక ఇంకా నెత్తిన ఉంది. కిందికి దిగి పిల్లల్ని లేపుకురండి. ఆ దూదిపింజను వేలుపెట్టి చూపించండి. దాని చుట్టూ కనిపించకుండా ఉన్నది ఖాళీ కాదని, రేపటి నక్షత్రాలకు కావలసిన సరుకు అక్కడ నిల్వ ఉందని చెప్పండి.