కొవ్వును అడ్డుకునే మాత్ర: ఒక కుందేలు, ఒక మట్టి సూక్ష్మజీవి చెప్పిన కథ

"ఈ మాత్ర వేసుకుంటే పొట్ట కరుగుతుందా, డాక్టరు గారూ?" ఆర్లిస్టాట్ అనే మందు గురించి చాలామంది అడిగే ప్రశ్న ఇది. కరగదు. ఒంట్లో ఇప్పటికే చేరిన కొవ్వును ఆ మందు నేరుగా తాకదు. అది చేసే పని వేరు. ఆ పనేమిటో అర్థం కావాలంటే పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సు దేశానికి, ఒక కుందేలు దగ్గరకు వెళ్లాలి.

1840ల చివరలో క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జీర్ణక్రియపై ప్రయోగాలు చేస్తున్నాడు. తిన్న కొవ్వు పేగు గోడను దాటి శోషరస నాళాలలో చేరినప్పుడు అవి పాలవలె తెల్లబడతాయని అప్పటికే తెలుసు. అయితే ఆ కొవ్వును జీర్ణం చేసేది కాలేయం పంపే పైత్యరసమా, క్లోమగ్రంథి పంపే రసమా అన్నది తేలలేదు. కుందేలు ఆ చిక్కు విడదీసింది. దాని పేగులో పైత్యనాళం జీర్ణాశయానికి దగ్గరగా, క్లోమనాళం చాలా దిగువన తెరుచుకుంటాయి. బెర్నార్డ్ చూసినప్పుడు నాళాల తెలుపు క్లోమనాళం కలిసే చోటి నుంచే మొదలైంది. కొవ్వు జీర్ణం కావడానికి క్లోమరసం కీలకమని ఆ విధంగా తేలింది. పైత్యరసం సాయం కూడా కావాలని తరువాతి పరిశోధకులు నిరూపించారు.

క్లోమరసంలో ఆ పని చేసేది లైపేజ్ అనే ఎంజైము. నూనె, నెయ్యిలలోని కొవ్వు అణువు పెద్దది. ఉన్నది ఉన్నట్టుగా అది పేగు గోడను దాటలేదు. లైపేజ్ దానిని చిన్న ముక్కలుగా ఖండిస్తేనే ఒంటికి పడుతుంది. మరి ఆ ఎంజైమునే ఆపగలిగితే?

ఆ ఆలోచన మందుగా మారడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా బరువు తగ్గించే ప్రయత్నాలు వేరే దారులు తొక్కాయి. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని వాడారు. అది శరీరంలోని ఇంధనాన్ని వేడిగా వృథా చేసేది. కొందరికి కంటిలో శుక్లాలు వచ్చాయి, కొందరు విపరీతమైన జ్వరంతో మరణించారు. 1938 నాటికి ఆ వాడకానికి తెరపడింది. ఆ తరువాత వచ్చిన ఫెన్‌ఫ్లూరమిన్ ఆకలిని చంపేది. గుండె కవాటాలను దెబ్బతీస్తున్నదని తేలడంతో 1997లో దానిని ఉపసంహరించారు. ఈ మందులు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగేవి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

1980లలో స్విట్జర్లాండులోని రోష్ సంస్థ శాస్త్రజ్ఞులు స్ట్రెప్టోమైసిస్ టాక్సిట్రిసిని అనే మట్టి సూక్ష్మజీవి నుంచి లిప్‌స్టాటిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ వివరాలు 1987లో వెలువడ్డాయి. దానికి హైడ్రోజను చేర్చి స్థిరపరచినదే ఆర్లిస్టాట్. తాళంలో విరిగి ఇరుక్కుపోయిన చెవి వలె ఇది లైపేజ్‌లో చిక్కుకొని దానిని పనిచేయనివ్వదు. మందు దాదాపు అంతా పేగులోనే ఉండిపోతుంది, రక్తంలో చేరేది అత్యల్పం. 1999లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది.

భోజనంతో 120 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే తిన్న కొవ్వులో సుమారు 30 శాతం జీర్ణం కాకుండా మలంతో బయటకు పోతుంది. రోజుకు 60 గ్రాముల కొవ్వు తినేవారికి దాదాపు 18 గ్రాములు, అంటే 160 కేలరీలు తగ్గినట్టు. స్వీడన్‌లో 3,305 మందిపై నాలుగేళ్లు సాగిన అధ్యయన ఫలితాలు 2004లో వచ్చాయి. అందరూ ఆహార నియమాలు, వ్యాయామం పాటించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు సగటున 3 కిలోలు తగ్గితే, ఆర్లిస్టాట్ వాడినవారు 5.8 కిలోలు తగ్గారు. మధుమేహం మొదటివారిలో 9 శాతానికి, రెండోవారిలో 6.2 శాతానికి వచ్చింది. మేలు నిజమే, మహిమ మాత్రం కాదు.

మన పళ్లెంలోకి చూస్తే ఈ మందు పరిమితి ఇంకా స్పష్టమవుతుంది. మనలో చాలామందికి కేలరీలలో అధిక భాగం అన్నం నుంచి వస్తుంది. పిండిపదార్థాన్ని గాని, చక్కెరను గాని ఆర్లిస్టాట్ ఆపదు. మూడు పూటలా పళ్లెం నిండా అన్నం తింటూ, తీపి టీలు తాగుతూ మాత్ర వేసుకోవడం దొడ్డితలుపు మూసి వీధి తలుపు తెరిచి ఉంచడమే.

పైగా జీర్ణం కాని కొవ్వు ఊరుకోదు. వేపుళ్లు తిని మాత్ర వేసుకుంటే జిడ్డు విరేచనాలు, ఆపుకోలేని తొందర, లోదుస్తులపై నూనె మరకలు తప్పవు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొంత పోతాయి. అందువల్ల విటమిన్ల మాత్రను కనీసం రెండు గంటల ఎడంతో, వీలైతే పడుకునే ముందు వేసుకోవాలి. వార్ఫరిన్, థైరాయిడ్ మాత్రలు, సైక్లోస్పోరిన్ వాడేవారు వైద్యునికి ముందే చెప్పాలి. గర్భిణులు, పైత్యరస ప్రవాహంలో అడ్డంకి ఉన్నవారు, ఆహారం ఒంటబట్టని దీర్ఘవ్యాధి ఉన్నవారు దీనిని వాడరాదు. అరుదుగా కాలేయానికి తీవ్ర హాని కలిగిన సందర్భాలున్నాయని అమెరికా ఔషధ సంస్థ 2010లో హెచ్చరిక చేర్చింది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా మందు ఆపి వెంటనే వైద్యుని కలవాలి.

కనుక పొట్ట కరుగుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ఈ మాత్ర మీరు తినబోయే కొవ్వులో కొంత భాగానికి మాత్రమే కాపలా కాస్తుంది. మిగిలిన కాపలా మీదే.