ఆర్థికమాంద్యము - 1938 నాటి అప్పుల చట్టము

రేణిగుంట జంక్షను పేరు వినని తెలుగువా రరుదు. మద్రాసునుండి రాయచూరు వైపునకు పోవు రైలుమార్గమును, గూడూరునుండి కాట్పాడి వైపునకు పోవు మార్గమును అచ్చట కలియును. భూమిపన్నుల చరిత్రలోను ఆ యూరు ఒక కూడలియే. పడమట చంద్రగిరి సీమ రైత్వారీ. అచ్చటి రైతు సర్కారునకే శిస్తు కట్టెడివాడు. తూర్పున కొలది మైళ్ల దూరముననే శ్రీకాళహస్తి జమీందారీ, దక్షిణమున కార్వేటినగరము జమీందారీ. అచ్చటి రైతు జమీందారునకు సిస్తు చెల్లించెడివాడు. 1930 దరిదాపుల వచ్చిన ఆర్థికమాంద్యము ఈ యిరువురిని ఒక్క రీతిగనే కొట్టినది. ప్రభుత్వము చేసిన ఉపశమనము మాత్రము అందరికి ఒక్క రీతిగ అందలేదు. ఆ కథనే మేము ఇచ్చట చెప్పదలచితిమి.

1929 సంవత్సరాంతమున న్యూయార్కు నగరపు షేర్ల బజారు కూలిన సంగతి మన గ్రామములలో ఎవరికి తెలియును? తెలిసినదెల్ల సంతలో వేరుసెనగకాయల ధర పడిపోవుట, వడ్ల ధర మూడు నాలుగేండ్లలో ఇంచుమించు సగమగుట. శిస్తు మాత్రము రూపాయలలోనే నిలిచియుండెను. వడ్డీయు అంతే. నూరు రూపాయల బాకీ తీర్చుటకు 1928లో ఎన్ని బస్తాలు అమ్మవలసెనో, 1933లో దాదాపు అందుకు రెట్టింపు అమ్మవలసివచ్చెను. కాగితము మీద అప్పు పెరుగకపోయినను కళ్లములో అప్పు పెరిగినది. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిన పిదప బంగారము ధర హెచ్చగా, రైతు ఇల్లాండ్ర మెడలలోని నగలు బజారుకెక్కి, బొంబాయి మీదుగ ఓడలెక్కినవి.

రాజధానిలో అప్పుడు జస్టిసు పక్షము మంత్రివర్గము. 1930 అక్టోబరునుండి 1932 నవంబరువరకు ముఖ్యమంత్రిగా నుండినవారు చిత్తూరు జిల్లావారే. ఆయన బొల్లిని మునుస్వామినాయుడు. తిరుత్తణి ప్రాంతమువాడు, చిత్తూరులో న్యాయవాది. (తిరుత్తణి 1960వరకు మన జిల్లాలోనిదే.) మాంద్యపు తొలి దెబ్బ ఈయన కాలముననే తగిలినది. కాని ద్వంద్వప్రభుత్వ విధానమున భూమిశిస్తు, ఖజానా మంత్రుల చేతిలో లేవు. అవి గవర్నరు కార్యనిర్వాహకసభ వశమున నుండెను. నింద మంత్రులది, అధికారము దొరలది. సొంత పక్షములోని జమీందారులే ఎదురుతిరిగి నాయుడుగారిని తొలగింపగా, బొబ్బిలి రాజాగారు ఆ స్థానమునకు వచ్చిరి. రైతు అప్పులలో మునుగుచున్న సమయమున పగ్గములు జమీందారుల చేతికి పోవుట ఆ పక్షమునకు మిక్కిలి చేటు తెచ్చెనని మా యభిప్రాయము.

ఆ ప్రభుత్వము ఊరక కూర్చుండెననుట న్యాయము కాదు. సత్యనాథన్ అను అధికారిచే గ్రామీణ ఋణములను గూర్చి విచారణ చేయించినది. 1935లో వెలువడిన ఆ నివేదిక ప్రకారము రాజధానిలోని వ్యావసాయిక ఋణము 200 కోట్ల రూపాయలకు పైబడెను. 1936లో ఋణ రాజీబోర్డుల చట్టమును చేసినది. కాని రాజీ యనగా ఉభయులు ఒప్పుకొనవలెను గదా! పత్రము చేతనున్న షావుకారు ఏల ఒప్పుకొనును? 1937 ఎన్నికలలో 215 స్థానములకు 159 కాంగ్రెసు గెలుచుకొనెను. బొబ్బిలి రాజాగారు తమ బొబ్బిలిలోనే వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి.

ఆ జూలైలో చక్రవర్తి రాజగోపాలాచారిగారు, నాడు ప్రధానమంత్రి యనబడిన పదవిని స్వీకరించిరి. అమెరికాలో 1933నుండి రూజ్వెల్టు ప్రభుత్వము కోట్లకొలది డాలర్లు అప్పుచేసి, ఆనకట్టలు కట్టించి, నిరుద్యోగులకు పని చూపుచుండెను. మద్రాసు ప్రభుత్వమునకు ఆ దారి లేదు. నాణెము, మారకపు రేటు ఢిల్లీ, లండనుల చేతిలోనివి. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్సులను రేటు రైతు పంట ధరను అణచుచున్నదని ఎందరు మొరపెట్టినను రాష్ట్రము దానిని తాకలేదు. కనుక ఖజానానుండి ఇయ్యలేని ఉపశమనమును షావుకారు పెట్టెనుండి ఇప్పించుటయే మిగిలెను.

అదియే 1938 నాటి నాలుగవ చట్టము, మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము. ఆ మార్చి 22వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని లెక్క పల్లెవానికి గూడ బోధపడును. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై, 1937 అక్టోబరు 1నాటికి నిలిచిన వడ్డీ యావత్తు రద్దు. అసలు మాత్రమే బాకీ. అసలు, వడ్డీ పేర అప్పటికే అసలునకు రెట్టింపు చెల్లించియుండినచో అప్పు తీరినట్లే. నూరు రూపాయలు తెచ్చి, ఏండ్ల తరబడి నూట డెబ్బది కట్టినవాడు ఇక ముప్పది కట్టిన చాలును. ఆ తేదీ తరువాతి అప్పులకు నూటికి అయిదు చొప్పున సామాన్య వడ్డీ లెక్కగట్టవలెను. జమీందారీ రైతులకు మరియొక వెసులుబాటు కలదు: 1346, 1347 ఫసలీల సిస్తు గడువులో చెల్లించినచో, 1345 ఫసలీకి, అంతకు ముందు ఫసలీలకు చెందిన పాత బకాయిలు కొట్టివేయబడును. షావుకారులు కోర్టుకెక్కిరి. ప్రామిసరీ నోట్ల విషయమున రాష్ట్రమునకు అధికారము లేదని వాదించిరి. 1940లో ఫెడరల్ కోర్టు చట్టమునే నిలబెట్టినది.

ఇంతకు ఈ చట్టమున వ్యవసాయదారుడనగా ఎవరు? భూమిలో హక్కు గలవాడు. ఆ హక్కు లేక పెద్దరైతు ఇంట జీతమునకుండి, పెండ్లికో చావుకో చేసిన అప్పునకు ఏండ్లకొలది చాకిరి చేయు పాలేరు అందులోనికి రాడు. పైగా వడ్డీ పోగొట్టుకొన్న షావుకారు కొత్త అప్పునకు గట్టి తనఖా కోరుట సహజము. తనఖా పెట్టుటకేమియు లేనివానికి అప్పు పుట్టుట మునుపటికన్న కష్టమైనది. యుద్ధానంతరము నారాయణస్వామినాయుడుగారు ప్రభుత్వము తరపున జరిపిన పరిశీలనలో, యుద్ధకాలపు హెచ్చు ధరలతో పెద్దరైతుల అప్పులు తగ్గినవనియు, కూలీల అప్పులు పెరిగినవనియు తేలినది.

మద్యనిషేధమును ఈ కథలోనిదే. 1937 అక్టోబరులో సేలముజిల్లాలో ఆరంభించి, 1938 అక్టోబరు 1నుండి చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. కల్లు, సారాయి అంగడులు మూతపడినవి. రేణిగుంటలో బండియెక్కి మద్రాసులో దిగినవానికి మాత్రము అవి తెరచియే యుండెను. కట్టడి జిల్లా సరిహద్దువరకే. అబ్కారీ రాబడి నాడు రాష్ట్రపు ఆదాయములో దాదాపు నాల్గవవంతు. ఆ లోటు పూడ్చుటకు 1939లో సామాన్య అమ్మకపు పన్నును విధించిరి. ఏటికి ఇరువదివేల రూపాయలకు మించి వ్యాపారము చేయువారికి నూటికి అర్ధరూపాయి. వర్తకులు గగ్గోలు పెట్టిరి. యుద్ధకాలమున గవర్నరు పాలనలో మద్యనిషేధమును నిలిపివేసిరి. దానికై పుట్టిన అమ్మకపు పన్ను మాత్రము నిలిచినది, పెరిగినది. ఇతర రాష్ట్రములును దానిని అనుకరించినవి.

ఇక జమీందారీ సమస్య. రెవిన్యూ మంత్రి ప్రకాశంగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1938లో నివేదిక సమర్పించుచు, భూమికి హక్కుదారు రైతే యనియు, సిస్తులు 1802 నాటి స్థాయికి తగ్గవలెననియు చెప్పెను. కాకినాడ, బెజవాడ ప్రాంతములలోవలెనే శ్రీకాళహస్తి రైతునకు గూడ ఇది అప్పుల చట్టముకన్న పెద్ద మాట. పాత బకాయి ఒకసారి కొట్టివేసిన పోవును, సిస్తు ఏటేట వచ్చును. కాని అది శాసనము కాకమున్నే, 1939 అక్టోబరులో యుద్ధకారణమున మంత్రివర్గము రాజీనామా చేసెను. ఆశ చూపి నెరవేర్చనందున రైతుసంఘములలో వామపక్షము బలపడినది. జమీందారీల రద్దు చట్టము 1948లోగాని రాలేదు. దానితో రేణిగుంటకు తూర్పునను పడమటను ఒకే రైత్వారీ పద్ధతి యేర్పడెను.

పాలేరు అప్పు మాటయో? వెట్టిచాకిరిని నిషేధించు కేంద్ర చట్టము 1976లో వచ్చెను. వ్యవసాయకూలీల, చేతివృత్తులవారి, చిన్నరైతుల బాకీలను రద్దుచేయు ఆంధ్రప్రదేశ్ చట్టము 1977లో వచ్చెను. భూమిగల రైతు అప్పునకును, భూమిలేని కూలీ అప్పునకును నడుమ ముప్పదితొమ్మిది సంవత్సరములు గడచినవి.