అడుగుటలో అంతరములు

ఇంగ్లీషు నేర్చుకొను బాలుడు 'ఆస్క్' అను మాటకు పర్యాయపదములు వెదకినచో 'క్వశ్చన్', 'ఇంటరాగేట్', 'రిక్వెస్ట్', 'డిమాండ్' అను మాటలు కనబడును. అన్నిటికిని అర్థము అడుగుటయే కదా యని, 'రెండు దినములు సెలవు డిమాండు చేయుచున్నాను' అని ప్రధానోపాధ్యాయునికి అర్జీ వ్రాసి చీవాట్లు తినును. పాపము, ఆ మాటల వెనుకనున్న చరిత్ర వానికెవ్వరును చెప్పలేదు.

'ఆస్క్' ఆంగ్లో-సాక్సనుల సొంత మాట. 1066వ సంవత్సరమున హేస్టింగ్సు యుద్ధములో నార్మండీ ప్రభువు విలియము జయించి ఇంగ్లండునకు రాజైన పిమ్మట, రాజసభలోను, పెద్దల యిండ్లలోను ఫ్రెంచి భాష నెలకొన్నది. క్రమముగా న్యాయస్థానములలో వాదములును ఫ్రెంచిలోనే సాగినవి. 'క్వశ్చన్', 'రిక్వెస్ట్', 'డిమాండ్' ఆ ద్వారమున వచ్చినవే. 'ఇంటరాగేట్' అనునది తరువాత, పదునైదవ శతాబ్దిలో, లాటిను నుండి చేరినది. అందుచేతనే స్నేహితుని కుశలము 'ఆస్క్' చేయుదురు. పోలీసువారు నిందితుని 'ఇంటరాగేట్' చేయుదురు.

వీనిలో 'డిమాండ్' కథ విచిత్రమైనది. దాని మూలమైన ఫ్రెంచి క్రియకు నేటికిని అర్థము కేవలము అడుగుటయే. ఇంగ్లీషులో దానికి కరకుదనము న్యాయస్థానమున అబ్బినది. భూమిపై తనకు హక్కు కలదని వ్యాజ్యము తెచ్చినవానిని అచ్చట 'డిమాండెంట్' అనెడివారు. అతడు బతిమాలుకొనుటకు రాలేదు. నాది నాకిమ్మని నిలిచినాడు. ఆ మాట వీథిలోనికి వచ్చినపుడు ఆ పట్టుదలయు వెంట వచ్చినది.

అయితే తన పొలమును గూర్చి తన యెదుట జరుగు వాదమే సామాన్యునికి బోధపడకుండెను. ఈ కష్టమును గుర్తించి, 1362లో, మూడవ ఎడ్వర్డు కాలమున, వాదములు ఇంగ్లీషులో జరుగవలెనని శాసనము చేసిరి. ఆ తరువాతను న్యాయవాదులు తమ ఫ్రెంచి పలుకులను చాలకాలము విడువలేదు.

ఇట్టి అంతరములు మనకును కొత్త కావు. 'అడుగు' మన యింటి మాట. 'ప్రశ్నించు' సంస్కృతము నుండి వచ్చినది. 'దరఖాస్తు' ఫారసీ పదము. 'దావా' అరబ్బీలో పుట్టి ఫారసీ మీదుగా వచ్చినది. ఫారసీ రాజభాషగా నున్న కాలమున ఇట్టి మాటలు కచేరీల నుండి పల్లెలకు దిగినవి.

కావున పర్యాయపదము నెన్నుకొనునపుడు అర్థమొక్కటి చూచిన చాలదు. ఎవరు, ఎవరిని, ఏ చోట నిలిచి అడుగుచున్నారో చూడవలెను. బిడ్డ తల్లిని అన్నము అడుగును గాని దరఖాస్తు పెట్టదు. తమ్ముడు అన్నను పొలములో పాలు అడిగెననిన, ఇంకను మాటలు మిగిలియున్నవని తెలియును. దావా వేసెననిన, ఆ యిల్లు రెండైనదని వేరుగా చెప్పనక్కరలేదు.